స్నోబోర్డ్ బైండింగ్‌లు: ఐదు సీజన్లు వాడాక

సియాటెల్‌లో ఉంటాను. చలికాలంలో నా శనివారాలన్నీ స్నోబోర్డింగ్‌కే, దగ్గర్లోని మంచు కొండల్లో: స్నోక్వాల్మీ పాస్‌లోనే, వీలైతే స్టీవెన్స్ పాస్‌లో. ఒకే జత స్ట్రాప్ బైండింగ్‌లు, అంటే బూట్లని బోర్డుకి పట్టీలతో బిగించి ఉంచేవి, ఐదు సీజన్లుగా వాడుతున్నాను. మొదటి రెండు సీజన్లు కాళ్ళ నొప్పితో నరకం చూశాను, తర్వాత మూడూ హాయిగా గడిచాయి. బైండింగ్‌లు అవే, కానీ వాటిలో నా బూటు కూర్చునే తీరు మారింది.

టోసైడ్ మలుపు, అంటే కాలివేళ్ళ వైపు అంచు మీద తిరిగే మలుపు, తీసుకున్న ప్రతిసారీ బూటు లోపల మడమ పైకి లేచేది. అది ఆపుదామని చీలమండ స్ట్రాప్‌ని బలం కొద్దీ బిగించేవాణ్ణి. రెండు రన్‌లకే, అంటే కొండ పైనుంచి రెండుసార్లు కిందికి జారేసరికే, వేళ్ళు మొద్దుబారేవి, లిఫ్ట్ మీద బోర్డు బరువు ఒంటికాలికి వేలాడుతుంటే పళ్ళ బిగువున భరించేవాణ్ణి. బైండింగ్‌లే మంచివి కావనుకుని మార్చేద్దామనుకుంటుంటే, మా గ్యాంగ్‌లో ఉన్న వరంగల్ అన్న "తమ్ముడూ, బైండింగ్ సంగతి తర్వాత చూద్దాం, ముందు బూటు విప్పు" అన్నాడు. విప్పితే లోపల రెండు జతల కాటన్ సాక్సులు! గోడకి మడమ ఆనించి పాదం కొలిస్తే 26.5 సెంటీమీటర్లు. స్నోబోర్డ్ బూట్లకి మోండో సైజు అంటే ఆ కొలతే, అమెరికా మగవాళ్ళ సైజులో 8.5. నేను రన్నింగ్ షూ సైజు చూసుకుని 9.5 కొన్నాను, అంటే ఒక సెంటీమీటరు ఎక్కువ. ఇక స్ట్రాప్ ఎంత బిగిస్తే మాత్రం ఏం లాభం, లోపల కాలు కదులుతూనే ఉంటుంది.

8.5 బూట్లు కొన్నాను, లైనర్‌ని, అంటే బూటు లోపలి మెత్తటి తొడుగుని, వేడి చేయించి పాదానికి తగ్గట్టు మౌల్డ్ చేయించాను, ఒకే ఒక్క పల్చటి ఉన్ని సాక్సు. నిటారుగా నిలబడితే వేళ్ళు ముందు అంచుకి తగలాలి, మోకాళ్ళు వంచితే కాస్త వెనక్కి రావాలి. ఎడమ మడమ దగ్గర ఇంకా వదులుగా అనిపించి, లైనర్ బయట చీలమండ ఎముక చుట్టూ జె-బార్ అనే ఫోమ్ ముక్క అతికించాను. చిన్న ముక్కే, కానీ మడమని గట్టిగా పట్టి ఉంచుతుంది.

తర్వాత బైండింగ్‌ల పని పట్టాను. అసలు కొన్న షాపులో నా బూటు పెట్టి చూడకుండానే రెండు నిమిషాల్లో బిగించి ఇచ్చేశారు, అది ఇప్పటికీ నాకు బాధే. బూటు పెట్టి టేపుతో కొలిచాను, బోర్డు అంచు దాటి ముందు ఎంత వస్తుందో వెనకా దాదాపు అంతే వచ్చేలా మడమ వెనక ఉండే చట్రాన్ని (హీల్ హూప్) జరిపాను. గ్యాస్ పెడల్, అంటే వేళ్ళ కింద ముందుకి జరిగే మెత్తటి ముక్క, బూటు సోల్ పైకి వంగే చోటు దాకా లాగాను. టోసైడ్‌లో బోర్డు వెంటనే స్పందించడం మొదలుపెట్టింది.

అన్నిటికంటే తేడా తెచ్చింది మాత్రం చీలమండ స్ట్రాప్ పొడవు. బిగించినప్పుడు ప్యాడ్ పాదం మధ్యకి రాకుండా బయటి వైపుకి జారి కూర్చునేది, అందుకే బరువంతా ఒక్క ఎముక మీద పడి అక్కడ ఎర్రగా కమిలిపోయేది. బకిల్ లేని వైపు స్ట్రాప్‌ని రెండు రంధ్రాలు మార్చాను, ప్యాడ్ సరిగ్గా నడిమికి వచ్చింది. ఇప్పుడు మునుపటి కంటే మూడు నాలుగు క్లిక్కులు తక్కువ బిగిస్తున్నాను, అయినా పట్టు ఎక్కువే ఉంది. హైబ్యాక్‌ని, అంటే పిక్క వెనక ఆనే నిలువు పలకని, బోర్డు మడమ వైపు అంచుకి సమాంతరంగా తిప్పుకుని, అది ముందుకి వంగే కోణం (ఫార్వర్డ్ లీన్) కొంచెమే పెట్టాను, ఎక్కువ పెడితే తొడలు మండిపోతాయి.

నాలుగో సీజన్‌లో ల్యాడర్ (స్ట్రాప్‌కుండే పళ్ళ పట్టీ) పళ్ళు అరిగి, దాన్ని పట్టి బిగించే రాట్చెట్ జారితే ల్యాడర్లు మాత్రం మార్చాను, పెద్ద ఖర్చు కాదు. ఒకసారి రన్ మధ్యలో బైండింగ్‌ని బోర్డుకి పట్టి ఉంచే డిస్క్ స్క్రూలు వదులై గుండె ఆగినంత పనైంది, అప్పటి నుంచి మూడో నంబర్ స్క్రూడ్రైవర్ జేబులోనే.

ఒక్క ఇబ్బంది మాత్రం మిగిలింది. ఇక్కడి తడి మంచుని కాస్కేడ్ కాంక్రీట్ అంటారు, అది ఫుట్‌బెడ్ (బైండింగ్‌లో బూటు ఆనే అడుగు భాగం) మీద గడ్డకట్టిందంటే బూటు అరంగుళం పైకి లేచి ఏ స్ట్రాపూ సరిగ్గా కూర్చోదు. లిఫ్ట్ దిగగానే గ్లౌజుతో గీకి, బూటు అడుగు కూడా తుడిచాకే స్ట్రాప్ పెడతాను. వెనకాల వాళ్ళు ఆగాల్సి వచ్చినా సరే.