రాడ్డు వెల్డింగా, మిగ్ వెల్డింగా?

గేటు, కిటికీ గ్రిల్లు, పొలంలో విరిగిన నాగలి అయితే నా ఓటు రాడ్డుకే. రాడ్డు పైపూత కాలినప్పుడు పుట్టే వాయువు, చిట్టెం (అతుకు మీద గట్టిపడే పొర) కరిగిన లోహాన్ని కాపాడతాయి. అందుకే ఆరుబయట గాలి వీచినా, ఇనుముకు కాస్త తుప్పున్నా అతుకు నిలుస్తుంది.

మిగ్‌లో రాడ్డుకు బదులు తీగ ఆగకుండా వస్తుంది, చిట్టెం కొట్టే పని ఉండదు, వేగం ఎక్కువ. కానీ కరిగిన లోహాన్ని కాపాడేందుకు సిలిండర్ నుంచి వచ్చే వాయువును గాలి చెదరగొడితే అతుకులో సన్నని రంధ్రాలు పడతాయి. పైకి నున్నగా కనిపించే ఆ అతుకు బరువు పడితే విరగవచ్చు.

1 మిల్లీమీటరు రేకుకు మాత్రం మిగ్గే మేలు. 3.15 మిల్లీమీటర్ల రాడ్డు దానికి చిల్లు పెడుతుంది, 0.8 మిల్లీమీటర్ల మిగ్ తీగతో వేడిని అదుపులో ఉంచవచ్చు.

రెండింటి వెలుగులోనూ అతినీలలోహిత కిరణాలుంటాయి. మామూలు నల్ల కళ్లద్దాలతో పనిచేసే కుర్రవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది.