రైలేలో గైడ్‌ని పెట్టుకోవడం: మూడు ట్రిప్పుల తర్వాత

థాయ్‌లాండ్‌లో క్రాబి పక్కనున్న రైలేకి రాక్ క్లైంబింగ్ కోసం, అంటే తాడు కట్టుకుని కొండరాయి ఎక్కడానికి, విజయవాడ నుంచి మూడుసార్లు వెళ్లాను, మూడుసార్లూ అక్కడి గైడ్‌నే పెట్టుకున్నాను. తాడు, హార్నెస్ (నడుముకీ తొడలకీ కట్టుకునే పట్టీ), బూట్లు గైడ్‌ని పంపే షాపువాళ్లే ఇస్తారు, అది అందరికీ తెలిసిందే. నేను డబ్బు ఇచ్చేది మాత్రం తాడు తగిలించడానికి రాతిలో దిగేసిన బోల్టుల్లో దేన్ని నమ్మాలో తెలిసిన మనిషి కోసం.

రెండో ట్రిప్‌కి ఒక 6ఏ గ్రేడ్ (ఓ మోస్తరు కష్టమైన) రూట్ ఎక్కాలని ఇంటి దగ్గరే అనుకుని వెళ్లాను, ఫొటోలు చూసి చూసి ఎక్కడ ఏ పట్టు ఉందో కూడా బుర్రలో పెట్టుకున్నా. తీరా కొండ కిందకి వెళ్లాక గైడ్ వద్దన్నాడు. నిజంగా కోపమొచ్చింది, ఇంత ఖర్చు పెట్టుకుని వచ్చింది దానికోసమే కదా, పైగా కింద నుంచి చూస్తే బోల్టులు తళతళలాడుతున్నాయి. ఆయన వాదించలేదు. పక్క రూట్‌లో నన్ను ఎక్కించి, తనూ ఇంకో తాడు మీద నా పక్కకొచ్చి, చెయ్యి చాపితే అందే దూరంలో, నేను ఎక్కుదామనుకున్న రూట్‌లో ఉన్న పాత బోల్టు చూపించాడు. స్టెయిన్‌లెస్ స్టీలే, కింద చిన్న గోధుమరంగు చార, అంతే. సముద్రపు ఉప్పుకి లోపల సన్నటి పగుళ్లు వస్తాయట, పైకి పెద్దగా తుప్పు కనపడకుండానే ఒక్కోసారి మనిషి బరువుకే విరిగిపోతుందట. అందుకే అక్కడ టైటానియం బోల్టులు రాతిలో జిగురుతో అతికించి మారుస్తున్నారు. అప్పుడు నేను వేలాడుతున్నది ఆ టైటానియం వాటి మీదే. ఆ రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు. గైడ్‌బుక్‌లో రూటూ గ్రేడూ దొరుకుతాయి గానీ, అచ్చయ్యాక ఏ బోల్టు పాడైందో అందులో ఎలా తెలుస్తుంది?

మొదటి ట్రిప్ తర్వాత ఫ్రెండ్స్‌కి ‘ఏ షాపైనా పర్లేదు, గైడ్లంతా మంచోళ్లే’ అని చెప్పాను. ఆ మాట ఇప్పుడు అలాగే చెప్పలేను. మూడోసారి అదే షాపులో బుక్ చేస్తే ఆయన బదులు వేరే కుర్రాడు వచ్చాడు, ఆరుగురికి ఒక్కడు, ఒంటిపూటలో నాకు వచ్చింది రెండే రెండు వంతులు. బోల్టుల గురించి అడిగితే ‘ఓకే, ఓకే’ అన్నాడు తప్ప ఇంకేం చెప్పలేదు.

బెజవాడలో ఉంటూ ఏడాదికోసారి కర్ణాటకలోని బదామికి క్లైంబింగ్‌కి వెళ్లడమే గొప్పయిన నాలాంటివాడికి గైడ్ లేకుండా కుదరదు. నెలనెలా లీడ్ చేసేవాళ్లకి, అంటే తామే ముందు ఎక్కుతూ బోల్టులకి తాడు తగిలించుకుంటూ పోయేవాళ్లకి, బహుశా మొదటి రోజు గైడ్ ఉంటే చాలేమో. ఈ డిసెంబరుకి మా తమ్ముడు కూడా వస్తానంటున్నాడు, అందుకే షాపుని అడక్కుండా నేరుగా ఆయనకే మెసేజ్ పెట్టాను, మా ఇద్దరికే, పూర్తి రోజుకి.