హార్మోన్ ఇంజెక్షన్లు తీసుకుంటున్న నాన్న ఎముకలకు ఏది మేలు: వారం మాత్రా, ఏడాది డ్రిప్పా, ఆర్నెల్ల ఇంజెక్షనా?

ప్రోస్టేట్ క్యాన్సర్‌కి నాన్నకు మూడు నెలలకోసారి హార్మోన్ ఇంజెక్షన్ మొదలైనప్పుడు మా టెన్షనంతా పీఎస్ఏ (ఈ క్యాన్సర్ తీరు చెప్పే రక్తపరీక్ష) మీదే. ఎముకల సంగతి మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఏడాది తిరిగాక ఒకరోజు బియ్యం బస్తా పక్కకు జరపబోయి నడుం పట్టుకుని కూర్చుండిపోయారు. కండరం పట్టేసిందనుకుని పది రోజులు బామ్ రాశాం. ఎక్స్‌రే తీయిస్తే వెన్నుపూస ఒకటి నొక్కుకుపోయి ఉంది.

ఆ ఇంజెక్షన్ టెస్టోస్టెరాన్‌ని దాదాపు అడుగంటిస్తుంది. మగవాళ్ల ఒంట్లో ఈస్ట్రోజెన్ తయారయ్యేది దాన్నుంచే, ఎముకను ఎక్కువగా కాపాడేదీ ఈస్ట్రోజెనే. వృషణాలు తీసే ఆపరేషన్ చేయించుకున్నా ఇదే జరుగుతుంది. ఎముక మొదటి ఏడాదిలోనే వేగంగా తరుగుతుంది కాబట్టి చికిత్స మొదలుపెట్టేటప్పుడే ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ తీయించాలి. అందులో వచ్చే టి-స్కోర్ (ఆరోగ్యంగా ఉన్న యువతరం ఎముకతో పోల్చి చెప్పే అంకె) మైనస్ 2.5 గానీ అంతకన్నా కిందకి గానీ ఉంటే ఎముక గుల్లబారినట్టు.

కాల్షియం, విటమిన్ డి అందరికీ కావాలి. ఆహారంతో కలిపి రోజుకు 1000 నుంచి 1200 మి.గ్రా. కాల్షియం అందాలి. రాగిజావ, పెరుగు ఉన్న ఇంట్లో ఇందులో చాలా భాగం వచ్చేస్తుంది. కానీ ముప్పు ఎక్కువున్నవాళ్లకు ఇవి మాత్రమే చాలవు, మందు కావాలి.

మాత్ర అంటే ఆలెండ్రోనేట్, వారానికొకటి 70 మి.గ్రా. చవకే. పరగడుపున నిండు గ్లాసు మంచినీళ్లతో వేసుకుని, అరగంట ఏమీ తినకుండా, నడుం వాల్చకుండా ఉండాలి. లేవగానే కాఫీ పడకపోతే ఊరుకోని నాన్నకు, అందులోనూ గుండెలో మంట ఉన్న మనిషికి, ఇది సాగదనిపించింది.

అసలు పోటీ మిగతా రెంటి మధ్యే. డెనోసుమాబ్ 60 మి.గ్రా. ఆర్నెల్లకోసారి చర్మం కింద చిన్న సూదితో ఇస్తారు. హార్మోన్ చికిత్సలో ఉన్న మగవాళ్లలో విరుగుళ్లు తగ్గిస్తుందని బలమైన రుజువు దీనికే ఉంది. 1,468 మందితో చేసి 2009లో ప్రచురించిన పరిశోధనలో, మూడేళ్లలో కొత్తగా వెన్నుపూస విరిగినవాళ్లు మందు తీసుకున్నవారిలో 1.5 శాతం, తీసుకోనివారిలో 3.9 శాతం. కిడ్నీలు బలహీనంగా ఉన్నా ఇవ్వొచ్చు, కాకపోతే రక్తంలో కాల్షియం పడిపోకుండా గట్టిగా కనిపెట్టాలి.

దీనికి ఒక మెలిక ఉంది. తేదీ తప్పకూడదు. ఆపేస్తే పెరిగిన ఎముక త్వరగా కరిగిపోతుంది, కొందరికి వెన్నుపూసలు ఒకదాని వెంట ఒకటి విరుగుతాయి. ఆపాల్సి వస్తే వెంటనే జోలెడ్రోనిక్ యాసిడ్ లాంటి మరో మందుకి మారాలి. ‘ఈసారి పండగయ్యాక చూద్దాంలే’ అనే ఇళ్లకు ఈ మందంటే నాకు భయం.

జోలెడ్రోనిక్ యాసిడ్‌ని ఏడాదికోసారి సెలైన్‌లో పావుగంట, అరగంట ఎక్కిస్తారు. ఎముకలో చాన్నాళ్లు నిలుస్తుంది కాబట్టి నెలో రెండు నెలలో ఆలస్యమైనా కొంప మునగదు. ఎముక సాంద్రతను పెంచుతుందని తేలింది, విరుగుళ్ల విషయంలో మాత్రం డెనోసుమాబ్‌కి ఉన్నంత రుజువు లేదు. క్రియాటినిన్ క్లియరెన్స్ (కిడ్నీలు ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే అంకె) 35 కన్నా తక్కువుంటే ఇవ్వరు. మొదటిసారి ఒకటి రెండు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు రావచ్చు.

క్యాన్సర్ ఎముకలకు పాకినవాళ్ల లెక్క వేరు. ఇవే మందులను ఎక్కువ మోతాదులో, తక్కువ వ్యవధిలో ఇస్తారు. పక్కింటాయన చీటీ చూసి మన మోతాదు పోల్చుకోకూడదు.

కిడ్నీ పరీక్ష బాగానే ఉంది, మేముండేది పల్లెటూళ్లో, ఆస్పత్రికి రెండు బస్సులు మారాలి. డాక్టర్‌తో మాట్లాడి డ్రిప్‌కే మొగ్గాం. ఇంటి పక్కనే ఆస్పత్రి, తేదీ గుర్తుపెట్టుకునే మనిషి ఉండుంటే ఆర్నెల్ల ఇంజెక్షనే అడిగేవాణ్ణి.

అరుదుగానైనా ఈ మందులతో దవడ ఎముక దెబ్బతింటుంది, ముఖ్యంగా మధ్యలో పన్ను పీకిస్తే. నాన్నకు కింద దవడలో ఒక పన్ను ఎప్పట్నుంచో కదులుతోంది. ముందు దాన్ని తీయించి, చిగురు పూర్తిగా మానాకే డ్రిప్‌కి తీసుకెళ్లాం.