పిల్లికూనల కోసం కొన్న వంటింటి కాటా: ఏడాదిన్నర వాడాక

మా ఇంట్లో ఈ కాటా మీద ఇంతవరకు ఒక్క వంట దినుసు కూడా తూచలేదు. తల్లి లేని పిల్లికూనలను, వీధిన పడ్డ కుక్కపిల్లలను తెచ్చి సాకి, నిలదొక్కుకున్నాక మంచి ఇళ్లకు పంపడం ఆరేళ్లుగా నేను చేస్తున్న పని. ఈ కాటా కొన్నది అందుకోసమే. చిన్న పలక అంత ఉంటుంది, పైన గాజు, ముందు వైపు అంకెలు కనిపించే గడి. 5 కిలోల దాకా తూస్తుంది, ఒక్కో గ్రాము తేడా చూపిస్తుంది. ఇదే రూపంలో చాలా కంపెనీలవి దొరుకుతాయి కాబట్టి ఫలానాదే కొనమని చెప్పను. ఏం చూసి కొనాలో, ఏ లోపాలకు సిద్ధపడాలో చెబుతాను.

కాటా లేని రోజుల్లో కూనను చేతిలోకి తీసుకుని, పొట్ట తడిమి, బాగానే తాగిందనుకునేదాన్ని. అలా అనుకుంటూ ఉండగానే ఒక కూన పోయింది. ముందు రోజు రాత్రి దాకా పాలపీక పట్టుకుని లాగింది, అరిచింది, తోటి కూనల మీద ఎక్కి పడుకుంది. తెల్లారేసరికి చల్లబడిపోయింది. వైద్యురాలు నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "గత నాలుగు రోజుల బరువులు ఎంతెంత?" నా దగ్గర జవాబు లేదు. ఆ సాయంత్రమే కాటా కోసం వెతకడం మొదలుపెట్టాను.

మొదట తెలిసినవాళ్ల ఇంట్లో పసిపిల్లలను తూచే యంత్రం ఉంటే అడిగి తెచ్చుకున్నాను. మంచి యంత్రమే, కానీ అది 10 గ్రాముల మెట్లలో చూపిస్తుంది. పుట్టినప్పుడు పిల్లికూన బరువు దాదాపు 100 గ్రాములు. ఆరోగ్యంగా ఉంటే రోజుకు 10 నుంచి 15 గ్రాములు పెరుగుతుంది. అంటే కూన ఒక రోజంతా పెరిగిన పెరుగుదల ఆ యంత్రానికి ఒక్క మెట్టు. నాలుగు గ్రాములు తగ్గినా, నాలుగు గ్రాములు పెరిగినా అదే అంకె నిలబడి ఉంటుంది. అందుకే కొనేటప్పుడు అన్నిటికంటే ముందు చూడవలసింది ఒక్క గ్రాము తేడా చూపిస్తుందా లేదా అన్నదే. మిగతావన్నీ తర్వాత.

ఈ కాటా ఇంటికి వచ్చిన వారానికే నాలుగు కూనలు వచ్చాయి. మామూలుగా ఒంటరిగా కనిపించిన కూనలను చూడగానే ఎత్తుకురాకూడదు. తల్లి ఆహారం కోసం వెళ్లి ఉండవచ్చు, దూరంగా నిలబడి కొన్ని గంటలు గమనించాలి. వీటి తల్లి మాత్రం రోడ్డు మీద బండి కింద పడి చనిపోయింది, అది కళ్లారా చూసినవాళ్లే తెచ్చి ఇచ్చారు. కళ్లు అప్పుడప్పుడే విచ్చుకుంటున్నాయి కాబట్టి వయసు పది రోజులు ఉంటుందని అంచనా వేశాం. పేర్లు కూడా ఆ రోజే పెట్టాను. చుక్క 212 గ్రాములు, మబ్బు 205, బొట్టు 198, గింజ 163.

తూచే పద్ధతి చెబుతాను. లోతైన చిన్న డబ్బాలో మెత్తని గుడ్డ పరిచి కాటా మీద పెట్టి, సున్నా చేసే బటన్ నొక్కాలి. గుడ్డ తప్పనిసరి. గాజు పలక చల్లగా ఉంటుంది, ఆ వయసు కూనలు తమ ఒంటి వేడిని తాము నిలుపుకోలేవు. రోజూ ఒకే వేళకు, పాలు పట్టకముందు తూచాలి. ఆ సమయంలో ఆకలితో మెలికలు తిరుగుతుంటాయి, అంకె నిలవదు. నేను మూడుసార్లు చూసి మధ్య అంకె రాసుకుంటాను. పాలు పట్టాక మళ్లీ ఒకసారి తూస్తాను. గింజ 163 నుంచి 169 అయిందంటే ఆరు గ్రాములు లోపలికి వెళ్లాయని అర్థం. ఆ వయసులో కడుపు 100 గ్రాముల బరువుకు దాదాపు 4 మిల్లీలీటర్లే పడుతుంది కాబట్టి గింజకు ఆరు, ఆరున్నర చాలు. సీసాలో ఎంత తగ్గిందో చూస్తే ఇది తెలియదు, సగం పాలు గడ్డం మీద, గుడ్డ మీద కారిపోయి ఉంటాయి.

నోటుబుక్కులో గింజ వరస ఇలా ఉంది: 163, 171, 180, 187, 189, 183. ఐదో రోజున రెండే గ్రాములు పెరిగింది. పీక వదలకుండా తాగుతోంది, అరుపులో ఓపిక తగ్గలేదు, ఒళ్లు ముట్టుకుంటే నాకు వెచ్చగానే అనిపించింది. కాటా లేకపోతే ఆ రోజు కూడా బాగానే ఉందనుకుని పడుకునేదాన్ని. ఆరో రోజు ఉదయం 183 చూశాక మూడుసార్లు కాదు, ఆరుసార్లు తూచాను. ప్రతిసారీ 182, 183 మధ్యే. వెంటనే వైద్యురాలికి ఫోన్ చేశాను. ఆమె ముందు ఉష్ణోగ్రత చూడమన్నారు. 34.6 డిగ్రీలు. నా చేతికి వెచ్చగా తోచిన కూన లోపల అంత చల్లబడి ఉంది.

"పాలు పట్టవద్దు. ముందు వేడి, తర్వాతే ఆహారం" అన్నారు. ఒళ్లు చల్లబడిన కూనకు పేగుల కదలిక మందగిస్తుంది, తాగించిన పాలు అరగవు, ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం కూడా ఉంటుంది. వేడినీళ్ల సీసాను గుడ్డలో చుట్టి పక్కన పెట్టి, గింజను నా ఒంటికి ఆనించుకుని ఆసుపత్రికి తీసుకువెళ్లాను. చర్మం కింద ద్రవం ఎక్కించారు, విరేచనాలు తగ్గడానికి మందు ఇచ్చారు. ఆ తర్వాత మూడు రోజులు మూడు గంటలకు బదులు రెండు గంటలకోసారి, తక్కువ తక్కువగా పాలు పట్టాను. 184. 188. 197. ఆ 197 పక్కన నేను గీసిన గీత కాగితం చిరిగేంత గట్టిగా పడింది, ఇప్పటికీ ఆ పేజీ వెనక్కి తిప్పితే తెలుస్తుంది.

ఇక లోపాలు. పెద్ద లోపం, రెండు నిమిషాలు ఏమీ నొక్కకపోతే తనంతట తాను ఆగిపోవడం. ఒక కూనను దించి, మూత్రం పోయించి, తుడిచి, ఇంకో కూనను ఎత్తేలోపు ఆగిపోతుంది. మళ్లీ ఆన్ చేసినప్పుడు డబ్బాలో కూన ఉంటే ఆ బరువుతో సహా సున్నా అనుకుంటుంది. మొదట్లో అలా రెండు తప్పు అంకెలు రాశాను. ఇప్పుడు ఖాళీ డబ్బా బరువు నోటుబుక్కు అట్టకు లోపలి వైపు రాసి పెట్టుకున్నాను, సున్నా పోయినా తీసివేసి లెక్కకట్టవచ్చు. ఈ ఆగిపోవడాన్ని మార్చే వీలున్న కాటా దొరికితే అదే తీసుకోండి.

రెండోది బటన్లు. ఇవి నొక్కేవి కావు, వేలు తగిలితే చాలు. తడి చేయి తగిలినా, కూన తోక తగిలినా పనిచేస్తాయి. ఒక రాత్రి మూడు గంటలకు మబ్బును తూస్తే 8.1 అని చూపించింది. ముందు రోజు 230 దగ్గర ఉన్న కూన. నిద్రమత్తులో గుండె ఆగినంత పనైంది. గ్రాముల నుంచి ఔన్సులకు మారిందని అర్థమవడానికి నిమిషం పట్టింది. ఆ నిమిషం ఇంకెవరికీ రాకూడదు కాబట్టి చెబుతున్నాను, ఆ బటన్ మీద మందపాటి టేపు అతికించేయండి. ఔన్సుల బటన్ అడుగు వైపున ఉండే రకాలు ఇంకా మేలు.

మూడోది చిన్నదే గానీ విసిగిస్తుంది. కూనలు ఎదిగే కొద్దీ పెద్ద డబ్బా కావాలి, పెద్ద డబ్బా పెడితే అంకెల గడి దాని కిందికి పోతుంది. పక్కకు వంగి, మెడ తిప్పి చూడాలి. నేను డబ్బా కింద ఒక బోర్లించిన గిన్నె పెడుతున్నాను.

బ్యాటరీ నీరసిస్తే అంకెలు గెంతుతాయి, హెచ్చరిక గుర్తు రాకముందే. అందుకని ప్రతి ఆదివారం 10 మిల్లీలీటర్ల సిరంజితో పదిసార్లు నీళ్లు పోసి చూస్తాను. 100 గ్రాములు రావాలి. 99, 101 వచ్చినా పరవాలేదు. ఏడాదిన్నరలో రెండుసార్లు 94, 95 వచ్చాయి, రెండుసార్లూ బ్యాటరీలు మార్చగానే సరిపోయింది. తూకం ఖచ్చితత్వంలో ఈ కాటా నన్ను ఇంకెప్పుడూ నిరాశపరచలేదు.

కుక్కపిల్లలకు పనికొస్తుందా అంటే, కొన్ని వారాలే. పెద్ద జాతి పిల్లలు రెండు నెలలు నిండే లోపే డబ్బాలో పట్టవు, కొన్ని 5 కిలోల హద్దునూ దాటేస్తాయి. అప్పుడు మనుషుల తూకం యంత్రం మీద పిల్లను ఎత్తుకుని నిలబడి, మన బరువు తీసివేయడమే మార్గం. ఆ వయసుకు 100 గ్రాముల తేడా పెద్ద లెక్క కాదు. కానీ నులిపురుగుల మందు మోతాదు బరువును బట్టే ఉంటుంది, రెండు వారాల వయసు నుంచే మొదలవుతుంది. అరకిలో పిల్లకు కంటితో అంచనా వేసి మందు పోయడం నాకు ఇష్టం లేదు. అందుకైనా కుక్కపిల్లలను సాకేవాళ్ల ఇంట్లో ఇలాంటిది ఒకటి ఉండాలి.

నాలుగు కూనలూ ఇళ్లు చేరాయి. మా వైద్యురాలు కిలో దాటాకే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేస్తారు, ఆ తర్వాతే దత్తత ఇస్తాం. చుక్క, మబ్బు పదో వారానికే దాటాయి. గింజ కోసం ఇంకో రెండు వారాలు ఆగవలసి వచ్చింది. బొట్టుకు అప్పటికే కిలో దాటినా గింజ కోసం ఆపాను, ఎందుకంటే ఆ రెండూ ఒకదాన్ని కరుచుకునే ఒకటి పడుకునేవి, విడివిడిగా పంపడానికి మనసు ఒప్పలేదు. రెండింటినీ కలిపి తీసుకున్న కుటుంబం, ఇంటికి వచ్చి చూసినప్పుడు, నోటుబుక్కు ఇవ్వగలరా అని అడిగింది. ఆ ఇంటి పెద్దమ్మాయి మొదటి పేజీ నుంచి వేలు పెట్టి చదువుకుంటూ వెళ్లి 183 దగ్గర ఆగింది. "ఇక్కడ ఏమైంది?" అంది. చెప్పాను. గింజను ఒళ్లోంచి దించకుండానే మిగతా పేజీలు చదివింది.

పుస్తకం వాళ్లకే ఇచ్చేశాను. ఇప్పుడు కొత్త పుస్తకంలో మూడో పేజీ నడుస్తోంది. ఇవాళ్టి అంకెలు 124, 131, 119. మూడూ నిన్నటి కంటే ఎక్కువే.