లిఫ్ట్ లేని మూడో అంతస్తు, 70 కిలోల వాషింగ్ మెషీన్, పూర్ణా మార్కెట్ కళాసీలు

విశాఖపట్నంలో లిఫ్ట్ లేని పాత అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇల్లు మారేటప్పుడు మా ఫ్రంట్‌లోడ్ వాషింగ్ మెషీన్‌ని మూడో అంతస్తు నుంచి దించింది పూర్ణా మార్కెట్ దగ్గర పని కోసం నిలబడే కళాసీలు, అంటే బరువులు మోసే కూలీలు. అంత శ్రద్ధగా పని చేసేవాళ్లని నేను ఈమధ్య చూడలేదు.

ముందు ఒక ప్యాకర్స్ కంపెనీని పిలిచాం. వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు పైన ఒకరు, కింద ఒకరు పట్టుకుని దిగిపోతామన్నారు. ఈ మెషీన్లు తిరిగేటప్పుడు ఎగరకుండా లోపల కాంక్రీటు దిమ్మలు బిగిస్తారు. అందుకే 70 కిలోల దాకా తూగుతాయి. మెట్ల మీద ఆ బరువులో ఎక్కువ భాగం కింద ఉన్నవాడి మీదే పడుతుంది. కాలు జారితే ఆ అబ్బాయి గతేమిటి? వద్దని పంపించేశాను. పైగా అంతస్తుకింత అని లెక్కేసి 3,000 అడిగారు.

కళాసీలు ముగ్గురు వచ్చారు. ట్రాలీ లాంటిదేమీ లేదు. పాత తలుపు చెక్క, గోనె సంచులు, గునపం, లావుపాటి నూలు తాడు, అంతే. మేస్త్రీ మెషీన్ చూడగానే, "అమ్మా, దీని వెనక బిగించే బోల్టులు దాచారా?" అని అడిగారు. డ్రమ్ము లోపల స్ప్రింగుల మీద వేలాడుతుంది, ఆ బోల్టులు బిగించకుండా కుదిపితే దెబ్బతింటుంది. వారంటీ కాగితాల కవర్లోంచి తీసిచ్చాను. కింద మూలనున్న ఫిల్టర్ మూత తిప్పి, మిగిలిన నీళ్లు కూడా వదిలేశారు.

తర్వాత మెట్ల రెయిలింగ్‌ని ఒక ఊపు ఊపి చూసి, "దీన్ని నమ్మకూడదు" అన్నారు. మా గుమ్మానికి లోపలి వైపు గునపాన్ని అడ్డంగా పెట్టారు. గుమ్మం వెడల్పు కంటే గునపం పొడవెక్కువ కాబట్టి రెండు కొసలూ గోడకి ఆనుకుంటాయి, ఎంత బరువు లాగినా బయటికి రాదు. గోడ చెడకుండా రెండు వైపులా గోనె మడతలు పెట్టారు. మెషీన్‌ని గాజు తలుపు పైకొచ్చేలా చెక్క మీద వెల్లకిలా పడుకోబెట్టి బిగించి కట్టారు. తాడు రెండో కొసని గునపానికి రెండు చుట్లు తిప్పి మేస్త్రీ పట్టుకున్నారు. బరువు చాలావరకు ఆ చుట్ల రాపిడే ఆపేస్తుంది. వదులు చేస్తే చెక్క మెట్ల అంచుల మీద జారుతుంది, బిగిస్తే అక్కడికక్కడే ఆగిపోతుంది. నైలాన్ తాడు ఎందుకు తేలేదని అడిగాను. అది బరువుకి సాగుతుందట, ఇనుము మీద జారుతుందట, చెయ్యి కోసేస్తుందట.

మిగతా ఇద్దరూ చెక్కకి పై వైపునే ఉండి మూలలు సరిచేస్తూ వచ్చారు. కింది వైపు ఎవరూ లేరు. రెండో అంతస్తు పిల్లలు చూడ్డానికి బయటికొస్తే, "కింద మనిషుంటే నేను తాడు వదలను" అని మేస్త్రీ పని ఆపేశారు. పిల్లలు లోపలికి వెళ్లి తలుపేశాకే మళ్లీ కదిలింది. నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది అప్పుడే. మలుపు దాటాక గునపం పనికిరాదు, అక్కడి నుంచి మెట్ల మధ్యనున్న కాంక్రీటు స్తంభానికి తాడు చుట్టారు.

ఫ్రిజ్‌ని మాత్రం చెక్క ఎక్కించలేదు, నిలువుగానే మోశారు. పడుకోబెడితే కంప్రెసర్ ఆయిల్ పైపుల్లోకి పోతుంది. కొత్తింట్లో కొన్ని గంటలు ఆగాకే స్విచ్ వేయమని చెప్పి వెళ్లారు.

లోపాలూ ఉన్నాయి. చెక్క జారిన చోట రెండు మెట్ల అంచులు పెచ్చులూడాయి, ఇంటి ఓనరు గొడవ చేశారు. మెట్ల మీద కూడా గోనెలు పరవమని మీరే ముందుగా చెప్పండి. బిల్లు ఇవ్వరు, వస్తువు పాడైతే పరిహారం అడగడానికి కాగితమేమీ ఉండదు. మెషీన్‌కీ ఫ్రిజ్‌కీ కలిపి 1,800 తీసుకున్నారు, టీలు మావి. ఆ పనికి అది తక్కువేనని నా అభిప్రాయం. ఐదుకి నాలుగున్నర ఇస్తాను.

వెళ్లేవాళ్లు పొద్దున్నే వెళ్లండి, మార్కెట్ సరుకు పని మొదలైతే దొరకరు. ఎన్నో అంతస్తో, మెట్ల వెడల్పెంతో, మలుపులెన్నో చెబితే ఎంతమంది కావాలో మేస్త్రీయే లెక్క చెబుతారు. రేటు అక్కడే మాట్లాడేసుకోండి. తాడు మాత్రం మీరు కూడా ఒకసారి చేత్తో తడిమి చూడండి, ఎక్కడైనా పోగులు తెగి ఉంటే వేరేది తెమ్మనండి.