కుచ్చు ఊడిన బ్యాడ్జర్ బ్రష్‌తో నాలుగేళ్లు

2021 జూలైలో పన్నెండు వందలు పెట్టి కొన్న బ్యాడ్జర్ బ్రష్ (బ్యాడ్జర్ అనే జంతువు వెంట్రుకలతో చేసిన షేవింగ్ బ్రష్), ఎనిమిది నెలలు నిండగానే, ఒక సోమవారం పొద్దున నా దవడ మీదే రెండుగా విడిపోయింది. పిడి చేతిలో ఉండిపోయింది, కుచ్చు నురగతో సహా వాష్‌బేసిన్‌లో పడింది. ఆ రోజు ఇంటర్ ప్రాక్టికల్స్ డ్యూటీ, ఎనిమిదిన్నరకల్లా కాలేజీలో ఉండాలి. మిగిలిన సగం గడ్డానికి చేత్తో నురగ రాసుకుని ఎలాగో ముగించి బయలుదేరాను. దారి పొడవునా ఒకటే బాధ. కుచ్చులో వెంట్రుక ఒక్కటి చెడలేదు, పిడి మీద గీత పడలేదు. పోయిందల్లా ఆ రెండింటి మధ్య ఉన్న కాస్త జిగురు.

అందుకే ఇందులో ఎక్కువ భాగం ఆ జిగురు గురించే రాస్తున్నాను. బ్యాడ్జర్ బ్రష్ కొనాలనుకునేవాళ్లు వెంట్రుక రకం గురించి గంటలు గంటలు చదువుతారు. నేనూ అలాగే చదివాను. చవక నుంచి ఖరీదు దాకా ప్యూర్, బెస్ట్, సూపర్, సిల్వర్‌టిప్ అనే పేర్లు బట్టీ పట్టాను. కుచ్చును పిడిలో ఎలా కూర్చోబెట్టారన్న ప్రశ్న మాత్రం ఒక్కసారీ తట్టలేదు.

అసలు బ్రష్ దాకా ఎందుకు వెళ్లానో చెప్పాలి. నాకు దవడ కింద వెంట్రుకలు వంకర తిరిగి మొలుస్తాయి. డబ్బా ఫోమ్ వాడినన్నాళ్లూ మెడ మీద ఎర్రటి పొక్కులు తగ్గేవి కావు. మా నాన్న పందివెంట్రుకల బ్రష్‌తో గీసుకునేవారు. ఆయన మెడ మీద పొక్కు నేనెప్పుడూ చూడలేదు. ఆయన బ్రష్ నాకు మరీ గరుకుగా అనిపించి, మెత్తగా ఉంటుందని బ్యాడ్జర్ వైపు వెళ్లాను. బడ్జెట్ పదిహేను వందలు దాటకూడదనుకున్నాను. దానికి తగ్గట్టు ప్యూర్ రకం, అడుగున 22 మిల్లీమీటర్ల మందం ఉన్న కుచ్చు, నల్ల పిడి ఉన్నది ఎంచుకున్నాను. కంపెనీ పేరు చెప్పను, ఆ ధరలో చాలావాటి తయారీ ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది.

మొదటి నెల నిజంగా పండగే. ఒక వారం స్నానాలగదిలో జంతువు వాసన వచ్చింది, షాంపూతో నాలుగుసార్లు కడిగితే పోయింది. మొదట్లో రోజూ నాలుగైదు వెంట్రుకలు రాలాయి, నెల తిరిగేసరికి ఆగిపోయాయి. పందివెంట్రుకల బ్రష్‌ను ముందు పది నిమిషాలు నానబెట్టాలి, దీన్ని నీళ్లలో ముంచి తీస్తే చాలు. నీళ్లు పట్టుకుని ఉంటుంది, నురగ చివరిదాకా తడిగానే నిలుస్తుంది. మెడ మీద పొక్కులు మూడు వారాల్లో సగానికి తగ్గాయి. ఆ సంతోషంలో నిజామాబాద్‌లో ఉండే మా బామ్మర్దికి ఫోన్ చేసి "ఇంకేం ఆలోచించకు, ఇదే తీసుకో" అని గట్టిగా చెప్పాను. ఎంత మెత్తగా ఉందో కూడా వర్ణించాను. ఆ మెత్తదనం గురించి ఇప్పుడు కొంచెం మాట మార్చుకోవాల్సి వస్తుంది. అది తర్వాత చెబుతాను.

ఊడిన రోజు సాయంత్రం అమ్మినవాళ్లకు ఫోటోలు పంపాను. వారం తర్వాత జవాబు వచ్చింది, వారంటీ ఆరు నెలలేనని. వెంట్రుకలు ఊడితే అర్థం చేసుకునేవాణ్ని. కుచ్చు కుచ్చంతా ఊడిందంటే అది తయారీ లోపం కాక ఇంకేమిటి? మళ్లీ రాశాను, జవాబు లేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

కొత్తది కొనడానికి మనసొప్పక, పిడి లోపల ఏముందో చూద్దామని టార్చిలైట్ వేసి చూశాను. గుంట అడుగున అట్టముక్కలు! గుండ్రంగా కత్తిరించి, ఒకదాని మీద ఒకటి పెట్టి, వాటిపైన జిగురు పోసి కుచ్చును కూర్చోబెట్టారు. ఆ అట్ట తడిసి, ఉబ్బి, ఆరి, మళ్లీ తడిసి మెత్తటి పేడలా అయిపోయింది. జిగురు పట్టుకోవడానికి అడుగున ఆధారమే లేదు. గీజర్ నుంచి వచ్చే వేడినీళ్లలో నేను బ్రష్‌ను మెడ దాకా ముంచేవాణ్ని, అది కూడా తోడైంది. చవక జిగురు ఆ వేడికి రోజూ కొంచెం కొంచెం మెత్తబడుతుంది, సందులోంచి నీళ్లు దిగుతాయి. తప్పు పూర్తిగా వాళ్లదే అని అనలేను. అట్టముక్కలు పెట్టింది మాత్రం వాళ్లే.

మా వీధి చివర హార్డ్‌వేర్ షాపులో ఐదు నిమిషాల్లో అతికే జిగురు అడిగాను. షాపాయన కుచ్చును, పిడిని చేతిలోకి తీసుకుని చూసి, "అన్నా, నీళ్లల్ల పెట్టేదానికి అది ఆగది. మామూలు అరాల్డైట్ తీస్కపో, రెండు ట్యూబులది. తొందరపడకు, ఒక రోజు దాన్ని ముట్టుకోకు" అన్నాడు. ఆయన మాట విన్నందుకు ఈ రోజుకీ సంతోషమే. తొందరగా గట్టిపడే రకాలు వేడికీ నీళ్లకూ అంత బాగా తట్టుకోవు.

నాలుగు రోజులు కుచ్చును కిటికీలో పెట్టి బాగా ఆరనిచ్చాను. పిడి గుంటలోని అట్ట, పాత పసుపు జిగురు స్క్రూడ్రైవర్‌తో గీకి తీశాను. లోపలి గోడను గరుకు కాగితంతో రుద్దాను, నున్నగా ఉంటే జిగురు పట్టదు. కుచ్చు అడుగున వెంట్రుకలన్నీ గట్టి బిళ్లలా అతుక్కునే ఉన్నాయి, అది నా అదృష్టం. ఆ బిళ్ల చెదిరిపోయి ఉంటే ఇంట్లో చేయగల పని కాదు. వెంట్రుకలకు జిగురు అంటకుండా ఒక కాగితం చుట్టి రబ్బరు బ్యాండు వేశాను. రెండు ట్యూబుల నుంచి సమానంగా తీసి, అగ్గిపుల్లతో కలిపి, గుంట అడుగునా గోడలకూ రాసి కుచ్చును దించాను. నిటారుగా నిలబడడానికి స్టీలు గ్లాసులో బియ్యం పోసి అందులో పిడిని గుచ్చి పెట్టాను. మా ఆవిడ ఆ గ్లాసు ఎవరూ కదపకుండా ఫ్రిజ్ మీద పెట్టించింది. మర్నాడు రాత్రి తీశాను.

అట్టముక్కలు లేవు కాబట్టి కుచ్చు లోపలికి దిగింది. నేను కావాలని చేసింది కాదు. స్కేలుతో కొలిస్తే, అంతకుముందు పిడి అంచు పైన 57 మిల్లీమీటర్లు ఉన్న వెంట్రుక ఇప్పుడు 51. ఆరు మిల్లీమీటర్లు తగ్గితే పాడైపోయిందేమో అనుకున్నాను. మొదటిసారి ముఖానికి రుద్దగానే ఆశ్చర్యపోయాను. ఇది వేరే బ్రష్! ఇదివరకు దవడకు ఆనించి తిప్పితే కుచ్చు ఒక పక్కకు వాలిపోయేది. నురగ పైపైన పూసినట్టే ఉండేది, వెంట్రుక మొదళ్ల దాకా వెళ్లేది కాదు. ఇప్పుడు కుచ్చు నిలబడి రుద్దుతోంది. దవడ కింద వంకరగా పడుకుని ఉండే వెంట్రుకల్ని పైకి లేపుతోంది. మిగిలిన సగం పొక్కులు ఆ వేసవిలోనే పోయాయి.

బామ్మర్దికి నేను వర్ణించిన మెత్తదనం వెంట్రుక గొప్పతనం వల్ల వచ్చింది కాదని అప్పుడు తెలిసింది. అదే 22 మిల్లీమీటర్ల కుచ్చు మరీ పొడుగ్గా నిలబడి ఉండడం వల్ల వచ్చిన వాలుదనం అది. ముఖానికి హాయిగా ఉంటుంది, పని తక్కువ చేస్తుంది. ప్యూర్ రకం కొసలు నిజానికి కొంచెం గుచ్చుకుంటాయి. ఇప్పుడు గుచ్చుకుంటున్నాయి, నాకు అదే నచ్చింది. చర్మం సున్నితంగా ఉన్నవాళ్లకు నచ్చకపోవచ్చు.

తక్కువ బడ్జెట్‌లో చూసేవాళ్లకు ఈ అనుభవం నుంచి నేను చెప్పగలిగేది ఇది. ప్యూర్, బెస్ట్ అనే పేర్లకు అందరూ ఒప్పుకున్న కొలత లేదు, ఒక కంపెనీ బెస్ట్ ఇంకో కంపెనీకి ప్యూర్ కావచ్చు. రెండు వేల లోపు సిల్వర్‌టిప్ అని రాసి ఉంటే నేను నమ్మను, కొసలు తెల్లబరిచి కూడా అమ్ముతారు. మూడు వందలకు బ్యాడ్జర్ అంటే చాలాసార్లు నల్లచార రంగు వేసిన పందివెంట్రుకే. పందివెంట్రుక కొసలు వాడేకొద్దీ చీలతాయి, అదొక గుర్తు. ఇలాంటి మారువేషం కొత్తదేమీ కాదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో గుర్రపు వెంట్రుకను బ్యాడ్జర్‌లా కనిపించేలా చేసి, సరిగ్గా శుద్ధి చేయకుండా అమ్మడం వల్ల బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ గడ్డం గీసుకున్నవాళ్లకు ఆంత్రాక్స్ సోకింది. ఇప్పుడు ఆ భయం లేదు. అయినా కొత్త బ్రష్‌ను బాగా కడగందే ముఖానికి పెట్టను. కుచ్చు మందం 20 నుంచి 22 మిల్లీమీటర్లు చాలు. 26, 28 వాటిలో నురగ బ్రహ్మాండంగా కనబడుతుంది, క్రీము మాత్రం సగం కుచ్చు లోపలే ఉండిపోతుంది. పొడుగు 50 దగ్గర ఉన్నది వెతకండి. ఆ కొలత రాయని అమ్మకందారును అడగండి. కుచ్చు అడుగున ఏముందో కూడా అడగండి, చాలామంది చెప్పరు, అడిగితే తప్పేం లేదు.

ఇక నీళ్ల సంగతి. మాది బోడుప్పల్ వైపు అపార్ట్‌మెంటు, స్నానాలగదికి వచ్చేది బోరు నీళ్లే. రెండో ఏడాది నురగ ఒక్కసారిగా పలచబడింది. క్రీము మార్చాను, బ్లేడు మార్చాను, లాభం లేకపోయింది. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి నీళ్లలో కరగని తెల్లటి జిడ్డుగా మారి వెంట్రుకలకు పట్టేస్తాయి. దానికి తోడు నేనో పొరపాటు చేశాను. వృథా ఎందుకని ఆర్వో మిషన్ బయటికి వదిలే నీళ్లను మగ్గులో పట్టి వాడుకున్నాను. శుభ్రమైన నీళ్లు ఇవతలికి వస్తే లవణాలన్నీ పోగుపడేది ఆ వదిలే నీళ్లలోనే. బోరు నీళ్లకన్నా అవే కఠినం. ఇప్పుడు నల్లా నీళ్లు వచ్చినప్పుడు ఒక సీసా పట్టి పెట్టుకుంటాను, ఒక షేవింగుకి గ్లాసెడు కూడా పట్టవు. రెండు నెలలకోసారి గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో ఒక పెద్ద చెంచా తెల్ల వెనిగర్ వేసి వెంట్రుకల్ని పది నిమిషాలు ముంచుతాను. తర్వాత షాంపూతో కడిగేస్తే కొత్తదానిలా అవుతుంది. మెడ దాకా ముంచడం మానేశాను, వేడినీళ్లు అసలు వాడను.

వర్షాకాలంలో ఇది ఆరదు. ఈ విషయం ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది. మా స్నానాలగదికి కిటికీ లేదు. ఆగస్టులో రెండో రోజుకి కూడా కుచ్చు నడిమధ్య చల్లగా తగిలేది, ముక్కిన వాసన వేసేది. తలకిందులుగా వేలాడదీస్తే త్వరగా ఆరుతుందన్నారు. రెండు రకాలుగానూ చూశాను, నాకు తేడా కనబడలేదు. గట్టిగా విదిలించి, తువ్వాలుకు ఒత్తి, బాల్కనీ గూట్లో గాలి తగిలేచోట పెట్టడమే పనిచేసింది.

నేను అంత గట్టిగా చెప్పినా బామ్మర్ది చివరికి కొన్నది బ్యాడ్జర్ కాదు, ఐదు వందల సింథటిక్ బ్రష్. "బావా, నాది రెండు గంటల్లో ఆరిపోతుంది, వాసన లేదు" అన్నాడు పోయిన సంక్రాంతికి. దాన్ని వారం వాడి చూశాను. నురగ నాదానికన్నా త్వరగా వచ్చింది, క్రీము తక్కువ పట్టింది. దవడ కింద వెంట్రుక లేపడంలో నాదే మేలనిపించింది. రోజూ గీసుకునే మామూలు గడ్డానికి అతనిదే చాలు అని ఒప్పుకుంటున్నాను.

ఇంకో సంగతి ఉంది, అది నన్ను నిజంగా కదిలించింది. మా అమ్మాయి ఏడో తరగతిలో ఉండగా, "నాన్నా, గొర్రెకు ఉన్ని కత్తిరించినట్టు దీనికీ కత్తిరిస్తారా?" అని అడిగింది. లేదు. ఈ వెంట్రుకలో ఎక్కువ భాగం చైనా నుంచి వస్తుంది, జంతువును చంపాకే వస్తుంది. బ్రిటన్‌లో 1992 చట్టంతో బ్యాడ్జర్లకు రక్షణ ఉంది, అక్కడి పేరున్న బ్రష్‌లకూ వెంట్రుక బయటి దేశాల నుంచి రావాల్సిందే. కొనేముందు నేను ఇది ఆలోచించలేదు. ఆ పిల్ల అడిగాక రెండో బ్యాడ్జర్ కొనాలని అనిపించడం లేదు. ఉన్నదాన్ని పారేయడం కూడా సరైనది కాదనిపిస్తుంది, అందుకే ఇంత జాగ్రత్తగా చూసుకుంటున్నాను.

నాలాగా మెడ మీద పొక్కులతో ఏళ్ల తరబడి ఇబ్బంది పడినవాళ్లు, గడ్డం గట్టిగా ఉన్నవాళ్లు, ఇంట్లో గాలి ఆడే చోటు ఉన్నవాళ్లు, చిన్నపాటి మరమ్మతుకు ఓపిక ఉన్నవాళ్లు అయితే పన్నెండు వందల బ్యాడ్జర్ గురించి ఆలోచించవచ్చు. అందులో సగం సుగుణం నేను అతికించుకున్నాక వచ్చిందే కాబట్టి, డబ్బాలోంచి తీసినది తీసినట్టు వాడేవాళ్లకు నేను హామీ ఇవ్వలేను. మొన్న ఆదివారం వెనిగర్‌తో కడిగాక స్కేలు పెట్టి మళ్లీ కొలిచాను. 51 మిల్లీమీటర్లు, కదల్లేదు.