పాత స్ప్లెండర్ ఇంజను ఆయిల్ లీకు: ఏళ్ల వాడకంలో ఏ రిపేరు నిలిచింది, ఏది నిలవలేదు

పాల క్యాన్లు, తోటల మందు డ్రమ్ములు మోసే బండ్లలో చిత్తూరు పల్లెల్లో ఎటు చూసినా స్ప్లెండరే. సెకండ్‌హ్యాండ్‌లో కొని ఏళ్ల తరబడి వాడిన అనుభవంతో చెబుతున్నాను. మైలేజీ సంగతి అందరికీ తెలిసిందే, దాని జోలికి పోను. పాత బండి కొన్నవాళ్లని విసిగించేది ఇంజను కింద ఆయిల్ కారడం. అది బండి లోపం కాదు. షాఫ్టుల చుట్టూ ఆయిల్‌ని ఆపే రబ్బరు సీళ్లు ముదిరినందువల్ల కొంత, తొందరపాటు రిపేర్ల వల్ల మిగతాది.

ఈ 97.2 సీసీ ఇంజనులో ఆయిల్ మార్చినప్పుడు పట్టేది 900 మిల్లీలీటర్లే. ఇంజను పూర్తిగా విప్పి కడితే లీటరు దాకా. అందులో నూరు మిల్లీలీటర్లు కారిపోయినా తొమ్మిదో వంతు పోయినట్టే. పైగా కారిన ఆయిల్‌కి మన ఎర్రమట్టి దుమ్ము అంటుకుని సిలిండరు రెక్కల మధ్య పేస్టులా గట్టిపడుతుంది. గాలి తగలక ఇంజను వేడెక్కుతుంది, వేడికి ఆయిల్ పలచబడి ఇంకా కారుతుంది. అందుకే నాలుగు చుక్కలే కదా అని వదిలేయొద్దు.

ముందు అది ఇంజనాయిలా కాదా తేల్చుకోవాలి. చైనుకి ఎక్కువగా ఆయిల్ పోస్తే అది చిమ్మి ఎడమ పక్క కవరు అడుగున చేరుతుంది, చూడ్డానికి అచ్చం లీకులాగే ఉంటుంది. జిగటగా, నల్లగా, సాగుతూ ఉంటే చైనుదే. కార్బొరేటరు పొంగితే పెట్రోలు దుమ్మును కడిగి తడి చారలు వదులుతుంది, కానీ వాసన పట్టేస్తుంది, కాసేపటికి ఆరిపోతుంది. ఇంజనాయిల్ ఆరదు.

తర్వాత కడగాలి. ఈ పని ఎగ్గొట్టి సీల్ మార్చినవాళ్లు అవసరం లేని సీల్ మార్చి ఊరుకుంటారు. ఇంజను చల్లబడ్డాక బ్రష్షుకి డీజిలు ముంచి రెక్కల సందులు, కవర్ల అంచులు, చైను స్ప్రాకెట్ గూడు అంతా రుద్ది, సర్ఫు నీళ్లతో కడిగి, ఎండలో పూర్తిగా ఆరనివ్వాలి. మీద మొహానికి రాసుకునే పౌడరు పలచగా చల్లాలి. ముగ్గుపిండి వద్దు, అందులో రాతిపొడి ఉంటుంది, సీల్ పెదవి (షాఫ్టుని ఆనుకుని ఉండే అంచు) దగ్గరికి చేరితే అరగదీస్తుంది. ఇప్పుడు బండిని బాగా వేడెక్కేలా నడపాలి. చిత్తూరు నుంచి కాణిపాకం వెళ్లొస్తే చాలు. తిరుపతి వాళ్లయితే భాకరాపేట ఘాటు ఎక్కి దిగితే ఏ లీకూ దాగదు. వచ్చాక మెయిన్ స్టాండు వేసి, కింద అట్టముక్క పరిచి, రాత్రంతా వదిలేయాలి.

తెల్లారి అట్ట మీద మరక చూసి నిర్ణయానికి రావద్దు. ఆయిల్ పైనుంచి కిందికి దిగుతుంది, బండి కదులుతున్నప్పుడు గాలికి వెనక్కి పోతుంది. కాబట్టి పౌడరు తడిసిన చోట్లలో అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు ఉన్నదే అసలు చోటు. ఈ ఇంజనులో సిలిండరు దాదాపు పడుకుని ఉంటుంది. కింది టాపెట్ క్యాపు (వాల్వు సందు సరిచేయడానికి విప్పే మూత) ఓరింగ్, అంటే దాని రబ్బరు రింగు, కారితే ఆ ఆయిల్ గాలికి ఇంజను అడుగంతా పాకి ఆయిల్ దించే డ్రెయిన్ నట్టు దగ్గర బొట్టుకడుతుంది. పాపం డ్రెయిన్ నట్టుని ఎన్నిసార్లు బిగించినా ఏం లాభం? ఓరింగ్ మారిస్తే అయిపోయే పని అది.

చోటు తెలిశాక కూడా సీల్ జోలికి పోకముందు రెండు చూడాలి. ఒకటి ఆయిల్ మట్టం. లీటరు డబ్బా కొని మొత్తం పోసేసే అలవాటు చాలామందికి ఉంది, అలా ఎక్కువైనా కారుతుంది. కాసేపు ఇంజను నడిపి ఆపి, రెండు మూడు నిమిషాలాగి, బండిని మెయిన్ స్టాండు మీద నిటారుగా పెట్టి, ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్కుని మర బిగించకుండా ఊరికే దించి చూడాలి. పై గీత దాటితే ఎక్కువైన ఆయిల్ తీసేయాలి. రెండోది బ్రీదర్ గొట్టం. పిస్టను కదలికకి క్రాంక్‌కేసులో (ఇంజను కింది పెట్టెలో) పుట్టే ఒత్తిడి బయటికి పోయే దారి అదే. గొట్టం నలిగినా, మట్టితో మూసుకున్నా ఆ ఒత్తిడి కొత్త సీల్‌ని కూడా తోసుకుని ఆయిల్‌ని బయటికి పంపుతుంది. ఒకేసారి రెండు మూడు చోట్ల చెమ్మ కనిపిస్తే నా అనుమానం ముందు బ్రీదర్ మీదికే పోతుంది. గొట్టం ఊడదీసి ఊది చూడటానికి ఖర్చేమీ లేదు.

డ్రెయిన్ నట్టు దగ్గరే కారుతుంటే తప్పు సాధారణంగా వాషరుదే. అల్యూమినియం వాషరు ఒకసారి నలిగాక మళ్లీ సరిగా అతకదు. ప్రతి ఆయిల్ మార్పుకీ కొత్తది వేయాలి, పాతది నట్టుకే అంటుకుని ఉందేమో చూసి పీకేయాలి. కారుతోందని బలంగా బిగిస్తే అల్యూమినియం కేసులో మరలు పోతాయి. పోయిన మరకి టెఫ్లాన్ టేపు చుట్టడం నాలుగు రోజుల ముచ్చట. లేతు షాపులో హెలికాయిల్ (కొత్త మరగా పనిచేసే స్టీలు తీగ చుట్ట) వేయించినదే నిలిచింది.

ఎడమ పక్క చైను స్ప్రాకెట్ వెనకాల సీల్ కారడం మామూలు. చైను బిర్రుగా ఉన్న బండ్లలో ఇంకా ఎక్కువ, ఎందుకంటే షాఫ్టు ఒక పక్కకి లాగబడి సీల్ పెదవి ఒకవైపే అరుగుతుంది. ఈ ఆయిల్ వెనక టైరు మీదికి చేరితే మలుపులో బండి జారుతుంది, అందుకే దీన్ని వాయిదా వేయొద్దు. ఇంజను విప్పనక్కర్లేదు. కవరు తీసి, స్ప్రాకెట్ ప్లేటు బోల్టులు రెండూ ఊడదీసి, స్ప్రాకెట్ లాగేస్తే సీల్ బయటినుంచే వస్తుంది. పాత సీల్ మీద మూడు అంకెలుంటాయి: లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం, అన్నీ మిల్లీమీటర్లలో. అవి చూపించి అదే కొలత తెచ్చుకోవాలి. పెదవిని గోరుతో నొక్కితే మెత్తగా వంగి తిరిగి రావాలి, షాపులో ఏళ్లుగా పడున్న సీల్ అలా రాదు. షాఫ్టు పళ్ల మీద పలచని ప్లాస్టిక్ కవరు చుట్టి, పెదవికి కాస్త ఆయిల్ రాసి, సీల్ బయటి వ్యాసానికి సరిపోయే పైపుముక్కతో నాలుగు వైపులా సమంగా తట్టి దించాలి. పాత పెదవి షాఫ్టు మీద గాడి చేసి ఉంటే కొత్త సీల్‌ని అర మిల్లీమీటరు బయటికి ఆపితే పెదవి నున్నటి చోట కూర్చుంటుంది. గేరు షాఫ్టు సీల్‌కీ, కుడి పక్క కిక్కు షాఫ్టు సీల్‌కీ ఇదే పద్ధతి.

ఇక కుడి పక్క క్లచ్ కవరు ప్యాకింగ్, అంటే కవరుకీ ఇంజనుకీ మధ్య వేసే కాగితం గాస్కెట్. ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. పాత ప్యాకింగ్‌ని స్క్రూడ్రైవరుతో గీకితే అల్యూమినియం మీద గాట్లు పడతాయి. ఆ గాట్లు పూడ్చడానికి సిలికాన్ గమ్ము దట్టంగా పూస్తారు. బయటికి పొంగిన గమ్ము మనకి కనిపిస్తుంది, అంతే గమ్ము లోపలికీ పొంగుతుంది. అది తునిగి ఆయిల్ వడపోసే జాలీకి అడ్డం పడితే పంపుకి ఆయిల్ అందదు, పైన వాల్వుల్ని కదిపే క్యామ్ షాఫ్టు ఎండిపోతుంది. చుక్కలు ఆపబోయి ఇంజను పోగొట్టుకోవడమే అది. కిరోసిన్‌లో నానబెట్టి, ప్లాస్టిక్ ముక్కతో గీకి, అద్దం మీద సన్నని ఎమెరీ కాగితం పరిచి కవరు అంచుని మెల్లగా రుద్దితే సమంగా వస్తుంది. కవరుని సరైన చోట నిలిపే చిన్న డోవెల్ పిన్నులు మధ్యలో ఉన్నాయో లేదో తప్పక చూడాలి. వెనకటి రిపేర్లలో అవి పోయి ఉంటే కవరు వెంట్రుకవాసి జరిగి ఎన్ని ప్యాకింగులు వేసినా కారుతుంది. కొత్త కాగితం ప్యాకింగ్‌ని పొడిగానే వేసి, బోల్టుల్ని ఎదురెదురుగా రెండు మూడు విడతల్లో బిగించాలి. 6 మిల్లీమీటర్ల బోల్టుకి 10 న్యూటన్ మీటర్ల దరిదాపు చాలు. నా బండిలో ఇలా వేసిన ప్యాకింగే గమ్ము వేసినవాటి కంటే చాలా కాలం ఆగింది.

లీకు ఆపే మందు అని డబ్బాల్లో దొరికేవి ఆయిల్‌లో కలపడం నాకిష్టం లేదు. ఈ ఇంజనులో క్లచ్ ప్లేట్లు అదే ఆయిల్‌లో మునిగి తిరుగుతాయి, జారుడు పెంచేది ఏది కలిపినా క్లచ్ జారుతుంది. అందుకే డబ్బా మీద జాసో ఎమ్ఏ (ఇలా ఆయిల్‌లో తిరిగే క్లచ్‌కి సరిపడేదనే) గుర్తున్న 10డబ్ల్యూ30 ఆయిలే పోయాలి. చిక్కటి ఆయిల్ పోస్తే చుక్కలు తగ్గుతాయి గానీ పొద్దున చల్లటి ఇంజనులో అది పైదాకా చేరడం ఆలస్యమవుతుంది. ఎపాక్సీ ముద్ద అతికించడం దారిలో చిక్కుకున్నప్పుడు ఇంటికి చేరడానికి మాత్రమే.

అన్నీ సరిచేశాక కూడా కారుతూ, సైలెన్సరులో నీలం పొగ వస్తూ, బ్రీదర్‌లోంచి ఆయిల్ ఆవిరి గట్టిగా కొడుతుంటే పిస్టన్ రింగులు అరిగినట్టే. అప్పుడు సీళ్ల మీద డబ్బు పెట్టడం ఆపి, సిలిండరు బోరు కొలిపించాలి.

పాత బండి కొనబోయేవాళ్లు ఇంజను తళతళలాడుతుంటే సంతోషపడొద్దు, అమ్మే ముందు ఎవరైనా కడిగే తెస్తారు. ఓ పదిహేను కిలోమీటర్లు నడిపి, స్టాండు వేసి, పావుగంట ఆగి, స్ప్రాకెట్ కవరు అడుగున, కింది టాపెట్ క్యాపు చుట్టూ వేలితో తడిమి చూడాలి. క్లచ్ కవరు అంచున గమ్ము పొంగి కనిపిస్తే కవరు విప్పించి జాలీ శుభ్రం చేయించే ఖర్చు బేరంలో తగ్గించుకోవాలి.